సొరచేపల ఇంటి ఇంకుడు గుంత

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా, పై అధికారి నోటిమాటగా చెప్పిన పనికి బయల్దేరబోతుంటే ఒక్క అరగంట ఆగి ఇది చదవండి. చదివాక కూడా వెళ్ళాలనిపిస్తే మీ ఇష్టం. నన్ను ఆపిన మనిషి ఆ రోజు ఒకడున్నాడు. నేనే వినలేదు.

నేను ముప్పై ఏళ్ళు అనంతపురం జిల్లాలో మత్స్యశాఖలో పనిచేశాను. ఈ మాట చెప్పగానే జనం నవ్వేవాళ్ళు. ఏటా చేపపిల్లల కోటా వచ్చేది. నేను మోటారు సైకిల్ మీద చెరువులన్నీ తిరిగి, పగుళ్ళు పట్టిన నేల చూసి, ‘నీరు లేదు’ అని రాసి పంపేవాణ్ణి. వాన పడిన ఏడాది పిల్లల్ని వదిలితే, అవి బెత్తెడు పెరిగేలోపే చెరువు అడుగంటేది. ఒకసారి బస్సులో నా శాఖ పేరు విని కండక్టరు టికెట్ కొట్టడం ఆపేశాడు. "చేపలాఫీసా? ఈడ కప్పలకే దిక్కు లేదు గదప్పా" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే పదిహేనేళ్ళు జీతం తీసుకున్నాను. ఆ సిగ్గు లోపల ఎంత పేరుకుపోయి ఉందో నాకు అప్పుడు తెలియదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్ళలో, మా పై అధికారి నన్ను పిలిచి నల్లమాడ వైపు ఒక ఇంటికి వెళ్ళమన్నాడు. కాగితం లేదు, ఉత్తర్వు లేదు. "పెద్దాయన అడిగినాడు, పోయి ఏం కావాల్నో చూసి రాప్పా" అన్నాడు, అంతే. పెద్దాయన అంటే భూములు, కాంట్రాక్టులు, రాజకీయం మూడూ ఉన్న మనిషి. ఏ పార్టీ గెలిచినా ఆయన లారీలు ఆగేవి కావు.

ఆ ఇల్లు గుట్ట వాలు మీద కొత్తగా కట్టింది. దాని కింద, కేకేస్తే వినపడేంత దూరంలో, నలభై ఇళ్ళ పల్లె. ఆ పల్లెకు ఒకే ఒక్క చేతిపంపు. ఆ చుట్టుపక్కల నోట్లో పోసుకోగలిగిన నీళ్ళు వచ్చేది దాన్లోంచే. మిగతా బోర్లలో కొన్ని ఎండిపోయాయి, కొన్నింటి నీళ్ళు తాగితే పిల్లల పళ్ళు గారపట్టేవి. నేను వెళ్ళిన రోజు ఆ పంపు దగ్గర బిందెల వరస పొద్దున్నే మొదలై దారి దాకా వచ్చింది. ఆ వరస పక్కనుంచే బండి పోనిచ్చాను.

పెద్దాయన వరండాలో కూచోబెట్టి కాఫీ ఇప్పించాడు.

"ఏమప్పా, సముద్రం చేపల్ని ఎప్పుడన్నా సాకినావా?"

"లేదన్నా. చదువుకున్నా."

"అది చాలు. సింగపూరు హోటల్లో చూసినా. గోడంతా అద్దం. సొరచేప నా ముఖం ముందర నుంచి పోయింది. మనింట్లో అట్లా ఉండాల. సొరలు ఉండాల, ఆ తోక పొడుగ్గా ఉండే పళ్ళెం చేపలు ఉండాల. ఎవడొచ్చినా నిలబడి చూడాల."

"దానికి నలభై వేల లీటర్ల తొట్టి కావాలన్నా. అన్ని నీళ్ళు..."

"నీళ్ళ సంగతి నువ్వు ఆలోచించొద్దు" అన్నాడు.

ఆ జిల్లాలో ఆ మాట అనగలిగిన మనిషిని అదే మొదటిసారి చూడడం. గేటు బయట బిందెల వరస ఉంది. నాకు కోపం రావాలి. రాలేదు. ఆశ పుట్టింది. పదిహేనేళ్ళలో నాకు నీళ్ళు చూపిస్తానన్న మొదటి మనిషి ఆయనే. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఆయన మీద కాదు.

పనిలోకి దిగాను. అద్దం బొంబాయి నుంచి వచ్చింది. చేపలమ్మే ఆసామి ఒకడు చెన్నై నుంచి వచ్చి పంపులు, చల్లబరిచే యంత్రం బిగించాడు. సముద్రపు ఉప్పు బస్తాలు లారీలో దిగాయి. పెద్దాయన సొంత బోర్ల నీటిని యంత్రంలో శుద్ధి చేసి, అందులో ఉప్పు కలిపి, చేపలు లేకుండానే ఆరు వారాలు తిప్పాము. నీళ్ళు జీవం పట్టాలి, అంటే మురికిని హరించే సూక్ష్మజీవులు వాటిలో పెరగాలి, అప్పటిదాకా చేపల్ని వదలకూడదు. ఆ ఆరు వారాలు నేను రోజూ వెళ్ళి పరీక్ష చేశాను. పెద్దాయన తొందరపెట్టినా ఒప్పుకోలేదు. అంత గట్టిగా నేను నా శాఖలో ఎన్నడూ మాట్లాడలేదు.

ఒక్క సంగతి మాత్రం మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడిచింది. సొరలు, టేకులు మాంసం తినే జీవాలు. టేకు అంటే పెద్దాయన చెప్పిన పళ్ళెం చేపే. అవి తిని విసర్జించిందంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. కాబట్టి పది రోజులకొకసారి తొట్టిలో ఆరోవంతు నీళ్ళు తోడేసి కొత్త ఉప్పునీళ్ళు నింపాలి. తప్పితే చేపలు చస్తాయి. మరి తోడేసిన నీళ్ళు ఎక్కడికి పోవాలి? చెన్నై ఆసామి అడిగాడు. వాళ్ళ ఊళ్ళో అయితే మళ్ళీ సముద్రంలోకే వదిలేస్తారట.

ఆ రోజుల్లో జిల్లా అంతా ఇంకుడు గుంతల గోల. ఏ శాఖ ఉద్యోగి అయినా సరే గుంతలు తవ్వించాలి, లెక్క చూపించాలి. చెరువుల్లో పని లేని నన్ను రెండేళ్ళు అదే పనికి తిప్పారు. ఊరూరా నిలబడి ఉపన్యాసాలిచ్చాను. ఒక్క చుక్క కూడా వాగు పాలు కాకూడదు, భూమికి తిరిగి ఇవ్వాలి అని. చెప్పీ చెప్పీ అది నా నోటికి కాదు, నా చేతులకే అలవాటైపోయింది. నీళ్ళు కనిపిస్తే గుంత తవ్వు. అందుకే చెన్నై ఆసామి ప్రశ్నకు నేను క్షణం కూడా తడుముకోలేదు. ఇంటి కింది వైపు, వాలులో, చోటు చూపించాను. లోతెంత, అడుగున పెద్ద రాళ్ళెంత, పైన కంకరెంత, ఇసుకెంత, అన్నీ కాగితం మీద బొమ్మ గీసి కింద సంతకం కూడా పెట్టాను. ఎవరూ అడగని సంతకం అది.

మా ఆఫీసు ఫీల్డ్‌మన్ నా వెంట ఉన్నాడు. సాయిబుల పిల్లవాడిగా బావులు తవ్వే తండ్రి వెనక ఆ పల్లెలన్నీ తిరిగి పెరిగినవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, జీతం మాత్రం నాదాంట్లో సగం. గుంత దగ్గర చాలాసేపు నిలబడి చూశాడు.

"సార్, ఈ గుంతలో పోసిన నీళ్ళు యాడికి పోతాయి?"

"భూమిలోకి."

"భూమిలో యాడికి సార్? ఈ వాలున జల కిందికే పోతాది. మా నాయన ఆ పల్లెలో బావి తవ్వినప్పుడు బండ నెర్రె ఈ పక్క నుంచే వచ్చింది. నేను కళ్ళారా చూసినా. గుంత ఈడొద్దు సార్."

"నీళ్ళు భూమిలోకి పంపడం తప్పంటావా?"

"మంచినీళ్ళయితే తప్పు లేదు."

"ఇసుక వేస్తున్నాం కదయ్యా, వడపోస్తుంది" అన్నాను.

డిగ్రీలో రసాయనశాస్త్రం చదివినవాణ్ణి. ఇసుక బురదను ఆపుతుంది, కరిగిన ఉప్పును ఆపదని ఎనిమిదో తరగతి పిల్లలకు తెలుసు. నాకూ తెలుసు. ఆ క్షణాన నాకు నీళ్ళే కనిపించాయి, వాటిలో ఉప్పు కనిపించలేదు. పైగా చెప్పినవాడు నా కింద పనిచేసేవాడు. అదే మాట చెన్నై ఆసామి చెప్పి ఉంటే విని ఉండేవాణ్ణి. ఫీల్డ్‌మన్ రాళ్ళు మోయించే పని చూసుకున్నాడు.

చేపలు వచ్చాయి. రెండు నల్లరెక్క సొరలు, మూడు చారల సొరలు, రెండు టేకులు. ఒక్కటి కూడా చావలేదు. ఆ రంగంలో అది చిన్న విషయం కాదు. పెద్ద టేకు నెల తిరిగేసరికి నన్ను గుర్తుపట్టింది. తొట్టి పక్క మెట్ల మీద కూచుని చేయి ముంచితే, దుప్పటి అంచు కదిలినట్టు రెక్కలాడిస్తూ వచ్చి అరచేతిలోని రొయ్యను తీసుకునేది. ఎండిన చెరువుల్లో పదిహేనేళ్ళు తిరిగిన మనిషికి అది ఎలా ఉంటుందో ఏం చెప్పను. పెద్దాయన వచ్చినవాళ్ళందరికీ నన్ను ‘మా చేపల డాక్టరు’ అని చూపించేవాడు. నేను పొంగిపోయేవాణ్ణి. ఆ గుంత ఫోటో జిల్లా సమావేశంలో చూపించి, కలిగినవాళ్ళందరూ ఇలా చేయాలని మెచ్చుకున్నారు. వేదిక కింద రెండో వరసలో కూచుని చప్పట్లు నేనూ కొట్టాను.

ఏడాది పైన గడిచింది. ఎండాకాలం. పెద్దాయన ఇంట్లో నీళ్ళ పరీక్ష చేసి దిగుతుంటే బండి టైరు పంచరైంది. తోసుకుంటూ పల్లె దాకా వచ్చేసరికి కళ్ళు తిరిగాయి. చివరింటి అరుగు మీద కూలబడ్డాను. శనక్కాయలు ఒలుస్తున్న నలభై ఏళ్ళామె లేచి లోపలికి వెళ్ళి చెంబుతో మజ్జిగ తెచ్చింది. గటగటా రెండు గుక్కలు తాగి ఆగాను.

"ఉప్పు కొంచెం ఎక్కువైందమ్మా."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఉప్పెయ్యలేదు సామీ. మజ్జిగలో ఉప్పేసేది మానుకొని ఆరు నెల్లాయ. నీళ్ళలోనే ఉండాది."

చెంబు అరుగు మీద పెట్టాను.

"ఏ నీళ్ళు?"

"యాడివి? ఆ పంపు నీళ్ళే. తియ్యగుండేటివి. ఇప్పుడు పప్పు ఉడకదు, గొడ్లు మూతి పెట్టి ఎనక్కి పోతాండాయి. చంటిపిల్లోళ్ళకి బేదులు. ఆఫీసుకు పోయి చెప్పొస్తిమి. కరువుకు నీళ్ళు లోతుకు పోయినాయి, అందుకే ఉప్పైనాయన్నారు. గంగమ్మకు పొంగళ్ళు పెడితిమి. ఏం లాభం లేకపాయ."

నా సంచిలో ఉప్పు కొలిచే పరికరం ఉంది. దాని అద్దం మీద చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూస్తే గీత కనిపిస్తుంది. మామూలు బోరు నీళ్ళకు ఆ గీత సున్నా దగ్గరే ఉంటుంది. సొరచేపల తొట్టిలో అది ఎక్కడుండాలో అక్కడుందా లేదా అని పది రోజులకొకసారి చూసేవాణ్ణి, కొంచెం అటూ ఇటూ అయితే నిద్ర పట్టేది కాదు. పంపు దగ్గరికి వెళ్ళి నేనే కొట్టుకుని చుక్క వేశాను. గీత లేచింది. తుడిచి మళ్ళీ వేశాను. మళ్ళీ లేచింది. నూట యాభై గజాల పైన చేపలకు నీళ్ళు సరిగ్గా ఉన్నాయా అని ఏడాదిగా చూస్తున్నవాడు, కింద మనుషుల నీళ్ళలో ఒక్కసారి కూడా ఆ పరికరం ముంచలేదు. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. బస్తాలకు బస్తాలు ఉప్పు వాళ్ళ పంపులోకి నా గుంతే దింపింది.

ఆమె అరుగు మీద నుంచే నన్ను చూస్తున్నది. పెద్దాయన ఇంటికొచ్చే సారు ఏదో చూస్తున్నాడు, బాగు చేస్తాడేమో అనుకున్నట్టుంది.

బండి అక్కడే వదిలి గుట్ట ఎక్కాను. పెద్దాయన భోజనానికి కూచోబోతున్నాడు. తొట్టి నీళ్ళు గుంతలోకి వదలడం ఈ రోజే ఆపాలని చెప్పాను.

"ఆపితే చేపలు చస్తాయని నువ్వే గదా చెప్పినావు?"

"అవునన్నా. కానీ కింద పల్లె నీళ్ళు ఉప్పైపోయినాయి. మన గుంత వల్లే."

"తెలుసు" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు.

"మూడు నెల్ల కిందటే పల్లెవాళ్ళు వచ్చి నీళ్ళు ఉప్పైనాయని చెప్పినారు. ట్యాంకరు తోలిస్తాలే అన్నా. ఎలక్షన్ల ముందర కొత్త బోరు ఏపిస్తా. నీకెందుకప్పా ఆ గొడవ? నీ పని చేపలు."

"వాళ్ళు తాగే నీళ్ళన్నా అవి."

"గుంత యాడ తవ్వాల్నో చూపించింది ఎవరు? నేను చూపించినానా? బొమ్మ గీసి సంతకం పెట్టింది ఎవరు?" అరవలేదు. అన్నం కలుపుకుంటూ, పిల్లవాడికి నచ్చజెప్పినట్టు అన్నాడు. "కూచో. తిని పో."

నేను కూచోలేదు. అంత కోపం నాకు జీవితంలో ఎప్పుడూ రాలేదు. కానీ ఆయన అన్న ఒక్క మాట కూడా అబద్ధం కాదు, నా కోపానికి అదే అడ్డం పడింది.

మర్నాడు మా అధికారికి ఫిర్యాదు రాసి ఇచ్చాను. చదివి సొరుగులో పడేశాడు. "పెద్దాయన మీద నువ్వు రాస్తే నేను పైకి పంపాల్నా? పెన్షన్ దాకా ఎట్లన్నా నెట్టుకురాప్పా" అన్నాడు. రెండు వారాలు ఎదురుచూశాను. గుంతలోకి నీళ్ళు ఇంకో రెండుసార్లు దిగాయి. పల్లెకు ట్యాంకరు ఒక్కసారి వచ్చింది.

ఆఫీసు మెట్ల మీద కూచుని ఫీల్డ్‌మన్‌తో చెప్పుకున్నాను. అతను నన్ను దెప్పలేదు. దెప్పి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. బీడీ ఆర్పి, "పెద్దోళ్ళ మీద రాసిన కాగితం సొరుగులోనే ఉంటాది సార్. మనబోటి వాళ్ళ మీద రాసిన కాగితం ఒక్క పూట కూడా ఆగదు. నా ఇరవై ఐదేళ్ళ సర్వీసులో చూస్తాండా గదా" అన్నాడు.

ఆ రోజే మళ్ళీ రాశాను. ఈసారి పెద్దాయన మీద కాదు, నా మీద. రాతపూర్వకమైన ఉత్తర్వు లేకుండా ప్రైవేటు ఇంట్లో పనిచేశానని, సాంకేతికంగా తప్పైన చోట గుంత తవ్వించానని, దానివల్ల నలభై ఇళ్ళ తాగునీరు చెడిందని, బాధ్యత నాదేనని రాశాను. గుంత బొమ్మ నకలు జతచేశాను. జిల్లా ఆఫీసుకు నేరుగా రిజిస్టరు పోస్టులో పంపాను. ఫీల్డ్‌మన్ చెప్పినట్టే అయింది. పెద్దాయన మీద ఈగ కూడా వాలనివ్వని శాఖ, నా మీద పది రోజుల్లో జీపేసుకుని వాలింది. నా తప్పు రుజువు చేయాలంటే పంపు నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకు పంపక తప్పలేదు. ఫలితం కాగితం మీదికొచ్చాక గుంత మూయించక తప్పలేదు. సిమెంటు వేసి బిగించారు. నేను దగ్గరుండి చూశాను.

విచారణ నివేదికలో పెద్దాయన పేరు ఒకే ఒక్కచోట ఉంది. అనుభవం లేని ఉద్యోగి సలహా వల్ల నష్టపోయిన గృహస్థు అని. నాకు రెండు ఇంక్రిమెంట్లు ఆపి, జిల్లా ఇంకో మూలకు, గుమ్మఘట్టకు బదిలీ చేశారు. సమావేశంలో మెచ్చుకున్న ఆ గుంత ఫోటో మాత్రం చాలా కాలం జిల్లా ఆఫీసు గోడ మీదే ఉంది. దాన్ని తీసేయాలని ఎవరికీ తోచలేదు.

గుంత మూసేశాక తొట్టి నీళ్ళు వదలడానికి చోటు లేకపోయింది. ట్యాంకర్లలో ఎత్తి దూరం తీసుకెళ్ళి పోయించమని నేను రాసిచ్చిన సలహా పెద్దాయనకు దండగ ఖర్చులా కనిపించింది. చెన్నై ఆసామి ఫోన్ ఎత్తడం మానేశాడు. గుమ్మఘట్టలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది. పెద్దాయనే.

"పెద్ద టేకు మేత ముట్టడం లేదు. మూలన పడుకోనుండాది. వచ్చి చూసిపో. కారు పంపిస్తా."

నేను వెళ్ళి నీళ్ళు మార్పించి ఉంటే అది బతికేది. మార్చిన నీళ్ళు మళ్ళీ ఏ పక్కకు పారతాయో నాకు తెలుసు. రానని చెప్పి ఫోన్ పెట్టేశాను. నెలలోపు అన్నీ చచ్చాయి. నా చేతిలో తిన్న జీవం అది. దానిదేమీ తప్పు లేదు. పెద్దాయన మీద కోపం ఇన్నేళ్ళలో కొంత చల్లారిందేమో గానీ, ఆ టేకు విషయంలో మాత్రం ఇంకా అలాగే మండుతున్నది.

రిటైరయ్యాక ఒకసారి ఆ దారిన వెళ్ళాను. ఫీల్డ్‌మన్ అప్పటికే పోయాడు. అతనితో కలిసి వెళ్ళాలని ఏళ్ళ తరబడి అనుకుంటూనే ఉండిపోయాను. గుట్ట మీది ఇంట్లో తొట్టి ఉంది, అద్దం వెనక శనక్కాయల మూటలు పైదాకా పేర్చి ఉన్నాయి. పంపు కూడా ఉంది. కొట్టి చూశాను, నీళ్ళొచ్చాయి. దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని ఉమ్మేశాను. గుంత మూసి అన్నేళ్ళైనా, రెండు మూడుసార్లు మంచి వానలు పడినా, బండ లోపలి ఉప్పు కడిగిపోలేదు. పల్లెలో ఇప్పుడందరూ తాగే నీళ్ళు డబ్బాలతో కొనుక్కుంటున్నారు. కూలికి పోయి వచ్చిన మనుషులు నీళ్ళు కొనుక్కుంటున్నారు.

చివరింటి ఆమె జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టింది. నేనెవరో, ఆ గుంత ఎవరు తవ్వించారో అప్పటికే పల్లె అంతటికీ తెలుసు. విచారణప్పుడు నన్ను ఊరి మధ్య నిలబెట్టి నా కాగితం చదివించారు. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే వినడానికే వెళ్ళాను.

ఆమె అరుగు చూపించి కూచోమంది. లోపలికి వెళ్ళింది. డబ్బా వంచి నీళ్ళు పోస్తున్న చప్పుడు, కవ్వం తిప్పిన చప్పుడు వినిపించాయి. చెంబు చేత్తో పట్టుకుని గడపలో వచ్చి నిలబడింది.

"సామీ, ఉప్పు ఎయ్యాల్నా?" అని అడిగింది.